చిల్లు గల ఇత్తడి బిళ్ల: బియాట్రిస్ షిల్లింగ్ జీవితము

పెద్ద ఆపదకు పెద్ద ఉపాయమే కావలెనని లోకము సామాన్యముగా తలచును. ఆపద యొక్క మూలమును సరిగా కనుగొన్నవారికి మాత్రము ఒక్కొక్కప్పుడు మిక్కిలి చిన్న సాధనమే చాలును. 1941 వ సంవత్సరారంభమున ఇంగ్లండు దేశపు యుద్ధవిమానములలో అమర్చిన ఒక ఇత్తడి బిళ్ల ఇందులకు నిదర్శనము. నడుమ రంధ్రము గల ఆ చిన్న ముక్కను చూచినచో మన పెద్దలకు పూర్వపు చిల్లుకాని జ్ఞప్తికి వచ్చును. దాని వెల స్వల్పము. బరువు అంతకంటె స్వల్పము. కాని అది లేనంత కాలము, శత్రువును వెన్నంటి తరుముచున్న వైమానికుని ఇంజను నడి ఆకాశమున ఊపిరాడక ఆగిపోవుచుండెను. తరుమువాడే తరుమబడువాడగు ఆ ఘడియలో అతని ప్రాణమునకు పూచీ లేకుండెను. ఆ బిళ్లను రూపొందించిన ఇంజనీరు ఒక స్త్రీ. అప్పటి కామె వయస్సు 31 సంవత్సరములు. ఆమె పేరు బియాట్రిస్ షిల్లింగ్.

స్కూటరు ఎంత తన్నినను కదలకున్నప్పుడు మెకానిక్కు దాని కార్బురేటరును విప్పి, అందలి సన్నని జెట్టును నోట ఊది శుభ్రము చేయుట మన ఊళ్లలో పలువురు చూచిన దృశ్యమే. పెట్రోలు తక్కువై ఆగినదా, ఎక్కువై ఆగినదా అని అతడు ముందుగా విచారించును. షిల్లింగ్ విచారించినదియు ఆ ప్రశ్ననే. భేదమేమన, ఆమె పరీక్షించిన ఇంజను పరిమాణము 27 లీటర్లు. అది ఆగుచున్న చోటు వీధి కాదు, ఆకాశము.

బాల్యము

బియాట్రిస్ 1909 వ సంవత్సరము మార్చి 8 వ తేదీన ఇంగ్లండు దక్షిణ భాగమున, హాంప్‌షైర్ మండలములోని వాటర్‌లూవిల్ అను ఊర జన్మించెను. తండ్రి మాంసము విక్రయించు వ్యాపారి. ఇంట ఇంజనీరింగు విద్యకు సంబంధించిన సంప్రదాయ మేదియు లేదు. ఐనను ఆ బాలిక దృష్టి చిన్ననాటి నుండియు పనిముట్ల మీదనే ఉండెను. చేతికి వచ్చిన చిల్లర డబ్బులను ఆమె పనిముట్లకును, చిల్లుల ఇనుప రేకులను మరలతో బిగించి యంత్రపు బొమ్మలను కూర్చెడు మెకానో పెట్టెలకును వెచ్చించుచుండెను.

14 వ యేట ఆమె ఒక మోటారు సైకిలు కొనెను. ఆ వయస్సు పిల్లలకు బండి యెక్కి తిరుగుటయే వేడుక. ఈమెకు దానిని విప్పి మరల బిగించుట అంతకంటె పెద్ద వేడుకయయ్యెను. ఇంజనులోని ప్రతి భాగమును విడదీసి, తుడిచి, దేని పని యేమియో తెలిసికొని, తిరిగి యథాస్థానమున అమర్చి నడిపించుట ఆమెకు విద్యారంభము. ఒక యంత్రము ఎందుకు నడచుచున్నదో తెలిసినవారికే అది ఎందుకు ఆగినదో తెలియును. ఈ పాఠమును ఆమె ఏ బడియందును గాక తన ఇంటనే నేర్చుకొనెను. తాను ఇంజనీరు కావలెనని నిశ్చయించుకొన్నదియు ఆ దినములలోనే.

ఆ నిశ్చయము ఆనాడు సులభసాధ్యము కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులోని కర్మాగారములలో వేలకొలది స్త్రీలు యంత్రముల వద్ద పనిచేసిరి. యుద్ధము ముగియగానే, 1919 లో చేసిన ఒక చట్టము వలన, యుద్ధపూర్వపు పద్ధతులు పునరుద్ధరింపబడి, వారిలో పెక్కుమంది ఆ పనుల నుండి తొలగింపబడిరి. ఆ సంవత్సరముననే కొందరు స్త్రీలు కూడి మహిళా ఇంజనీరింగు సంఘమును స్థాపించిరి. షిల్లింగ్ బ్రతుకునకు దారి చూపినది ఆ సంఘపు వృత్తములోనివారే.

విద్యాభ్యాసము

ఆ సంఘమున ప్రముఖురాలైన మార్గరెట్ పార్ట్రిడ్జ్ డెవన్ మండలమున విద్యుచ్ఛక్తి సంస్థ నొకదానిని నడపుచుండెను. పల్లెలకు దీపములు తెచ్చుట ఆ సంస్థ పని. బడి విడిచిన పిమ్మట షిల్లింగ్ అందు శిష్యురాలుగా చేరెను. మూడు సంవత్సరముల పాటు ఆమె ఇండ్లకు తీగెలు లాగెను. విద్యుదుత్పత్తి యంత్రములను నెలకొల్పెను. చేతులకు నూనె అంటుటకు ఆమె వెనుదీయలేదు. ఈ చురుకుదనమును గమనించిన పార్ట్రిడ్జ్, చేతిపనితో తృప్తిపడక విశ్వవిద్యాలయమునకు పోయి శాస్త్రమును గూడ అభ్యసింపుమని ఆమెను ప్రోత్సహించెను. తనకు ఉపయోగపడుచున్న పనివానిని పై చదువులకు పంపివేయు యజమానులు అరుదు. పార్ట్రిడ్జ్ అట్టి అరుదైనవారిలో నొకతె.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు తరగతులలో ఆనాడు స్త్రీలు వ్రేళ్లపై లెక్కింప దగినంతమంది యైనను లేరు. షిల్లింగ్ అచట చదివి 1932 లో విద్యుత్ ఇంజనీరింగున పట్టభద్రురాలయ్యెను. మరుసటి సంవత్సరము, 1933 లో, యాంత్రిక ఇంజనీరింగున ఎం. ఎస్సీ. పట్టమును గూడ పొందెను. అవి ఆర్థికమాంద్యపు దినములు. పట్టములు పుచ్చుకొన్న పురుషులకే ఉద్యోగములు దొరకకుండెను. ఆమె బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున ఒక ఆచార్యునికి పరిశోధన సహాయకురాలుగా చేరి, ఇంజనుల పనితీరును గూర్చిన శోధనలలో పాల్గొనెను. బాల్యమున చేతులతో తెలిసికొన్న ఇంజను ఇప్పుడు ఆమెకు అంకెలలోను, కొలతలలోను తెలియవచ్చెను. ఈ రెండు జ్ఞానములును ఒక్కరియందు కలియుట ఆమె విశిష్టత.

పందెపు బాటపై

ఇంగ్లండులోని సర్రే మండలమున బ్రూక్‌లాండ్స్ అను పందెపు బాట యుండెను. 1907 లో నిర్మింపబడిన ఆ కాంక్రీటు బాట, మలుపుల వద్ద గిన్నె అంచువలె పైకి లేచి యుండును. అందలి పందెములో గంటకు 100 మైళ్లు, అనగా రమారమి 160 కిలోమీటర్లు, మించిన సగటు వేగముతో ఒక చుట్టు తిరిగిన మోటారు సైకిలు రౌతునకు బంగారు నక్షత్రపు పతకము నిచ్చుట ఆచారము. 1939 లో అచట పందెములు నిలిచిపోవునంతవరకు ఆ పతకమును గెలిచిన స్త్రీలు ముగ్గురే. వారిలో షిల్లింగ్ ఒకతె. తన 500 సీసీల నార్టన్ బండిపై ఆమె గంటకు 106 మైళ్ల వేగమును సాధించెను. పందెములే వృత్తిగా గల పురుషులు కొందరు ఆమె వెనుక మిగిలిపోయిరి.

అయితే గమనింప దగినది వేగము మాత్రమే కాదు. ఆ బండిని పందెమునకు సిద్ధపరచినది ఆమెయే. ఇంజనునకు గాలి యెంత, పెట్రోలు ఎంత అందవలెనో తానే సరిచూచుకొని, ఆ నిర్ణయము తప్పైనచో దాని ఫలమును తన దేహముతోనే అనుభవింప సిద్ధపడెను. లెక్కలో పొరపాటునకు మార్కులు తగ్గుట వేరు. ప్రాణము మీదికి వచ్చుట వేరు. వైమానికులకు కొలది సంవత్సరములలో కలుగబోవు భయమెట్టిదో ఆమెకు పందెపు బాటపై కొంత తెలిసియే యుండవలెను.

1938 లో ఆమె జార్జి నేలర్ అను సహోద్యోగిని వివాహమాడెను. అతడును బ్రూక్‌లాండ్స్ బంగారు నక్షత్రమును గెలిచిన పిదపనే పెండ్లికి సమ్మతించెనని ఆమెను గూర్చి ఒక ముచ్చట చెప్పుకొందురు. యుద్ధకాలమున నేలర్ బాంబరు విమానములను నడపెను. ఇంజనుపై ఆధారపడి ఆకాశమున తిరుగువారి క్షేమము కావున ఆమెకు కార్యాలయపు కాగితములలోని సంగతి మాత్రమే కాదు. ఇంటి సంగతియు నయ్యెను.

ఫార్న్‌బరో

1936 లో షిల్లింగ్ ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ అను ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో ఉద్యోగమున చేరెను. అటుపై 33 సంవత్సరములు, 1969 వరకు, ఆమె ఆ సంస్థనే అంటిపెట్టుకొని యుండెను. విమానపు ఇంజనుల కార్బురేటర్లను గూర్చిన పరిశోధన క్రమముగా ఆమెకు అప్పగింపబడెను. 1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమగు నాటికి ఆ విషయమున ఆమె నేర్పరి.

ఆమె ఎదుర్కొన్న చిక్కు తెలియుటకు కార్బురేటరు పనిచేయు తీరు కొంచెము తెలిసియుండవలెను. పెట్రోలు ద్రవరూపమున మండి ఇంజనును నడుపజాలదు. దానిని సన్నని తుంపరగా చేసి, తగినంత గాలితో కలిపి పంపవలెను. ఒక పాలు పెట్రోలునకు తూకమున రమారమి 15 పాళ్ల గాలి కావలెను. ఈ కలుపు పనియే కార్బురేటరుది. దానిలో ఒక చిన్న తొట్టి యుండును. తొట్టిలో ఫ్లోట్ అను తేలెడు డొల్ల యుండును. మన ఇండ్ల నీళ్లట్యాంకులో బంతి పైకి లేచి కుళాయిని మూసివేసినట్లు, పెట్రోలు మట్టము పెరుగగానే ఈ డొల్ల పైకి లేచి సూదివాల్వును మూసివేయును. మట్టము తగ్గగానే క్రిందికి దిగి వాల్వును తెరచును. తొట్టి అడుగున నున్న సన్నని జెట్టు ద్వారా పెట్రోలు గాలిలోనికి పీల్చుకొనబడును.

ఈ ఏర్పాటంతయు ఒక్క నమ్మకముపై నిలిచియున్నది. పెట్రోలు ఎల్లప్పుడును తొట్టి అడుగుననే యుండునను నమ్మకమే అది. నేలపై నడచు బండ్లకు ఈ నమ్మకము చాలును. రాళ్లలోను రప్పలలోను ఎగిరి దుముకు చిన్న బండ్లకు సయితము అది ఒక్కొక్కప్పుడు క్షణకాలము తప్పి, ఇంజను దగ్గుట కలదు. యుద్ధవిమానమునకు ఆ క్షణకాలమే మృత్యువు కావచ్చును.

ఆకాశమున లోపము

ఇంగ్లండు యొక్క హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానములు రెంటికిని రోల్స్‌రాయిస్ సంస్థ నిర్మించిన మెర్లిన్ అను 12 సిలిండర్ల ఇంజనే ప్రాణము. దానికి ఫ్లోట్ గల కార్బురేటరు అమర్చబడి యుండెను. జర్మనుల మెసర్‌ష్మిట్ 109 విమానమునందలి డెయిమ్లర్‌బెంజ్ ఇంజనులో కార్బురేటరు లేదు. అందు పెట్రోలు పంపు ఒత్తిడితో నేరుగా సిలిండర్లలోనికి చిమ్మబడుచుండెను. కార్బురేటరును అట్టే ఉంచుటకు ఇంగ్లండువారికి కారణము లేకపోలేదు. పెట్రోలు గాలిలో ఆవిరియగునప్పుడు ఆ గాలిని చల్లబరచును. చల్లని గాలి సాంద్రమైనది గనుక ఇంజనునకు కొంత అదనపు శక్తి చేకూరును. ఈ లాభమునకు ఒక నష్టము తోడై యున్నదని 1940 లోని యుద్ధములు తెలియజేసెను.

జర్మను వైమానికుడు వెనుక శత్రువు తరుముచున్నాడని తెలియగానే తన విమానపు ముక్కును ఒక్కసారిగా క్రిందికి వంచి దూసికొనిపోవును. ఎత్తైన వంతెన దాటి బస్సు వేగముగా దిగునప్పుడు ప్రయాణికుడు ఆసనము నుండి పైకి లేచినట్లగును గదా. అట్లే, విమానము హఠాత్తుగా ముక్కు వంచినచో అందలి ప్రతి వస్తువును పైకి ఎగురజూచును. జర్మనుని ఇంజనునకు దీని వలన బాధ లేదు. అతనిని వెన్నంటి ముక్కు వంచిన ఇంగ్లండు వైమానికుని కార్బురేటరులో మాత్రము పెట్రోలు తొట్టి పై భాగమునకు ఎగసెడిది. అడుగున జెట్టు ఎండిపోయెడిది. ఇంజను ఒకటి రెండు క్షణములు ఆగి, పిమ్మట నల్లని పొగ క్రక్కుచు మరింత సేపు శక్తిహీనమయ్యెడిది. ఇంతలో శత్రువు దూరమగును. లేదా మరియొకడు వచ్చి వెనుక చేరును.

వైమానికులు దీనికి తమకు తోచిన ఉపాయము నొకటి కల్పించుకొనిరి. ముక్కు వంచుటకు ముందు విమానమును బోర్లించి, ఆ పిమ్మట క్రిందికి లాగుచుండిరి. అట్లు చేసినచో పెట్రోలు తొట్టి అడుగుననే యుండును. కాని ఆ బోర్లించుటకు పట్టు కాలములో శత్రువు కొంత ముందునకు పోవుచుండెను.

మూల శోధన

ఈ లోపమునకు నిజమైన చికిత్స ఏమన, ఫ్లోట్ అవసరమే లేని క్రొత్త కార్బురేటరును నిర్మించుట. దాని నిర్మాణమునకును, పరీక్షలకును, కర్మాగారములలో వేలకొలదిగా తయారు చేయుటకును సంవత్సరములు పట్టును. యుద్ధము అన్ని దినములు వేచియుండదు. కావున ఫార్న్‌బరోలోని షిల్లింగ్ ముందున్న ప్రశ్న ఇది: ఉన్న కార్బురేటరునే ఉంచి, ఉన్న విమానములను పని మాన్పించక, ఈ ఆపదను ఎంతవరకు తగ్గింపవచ్చును?

పరీక్షలలో తేలిన ముఖ్యాంశ మేమన, ఇంజను రెండు పర్యాయములు రెండు వేర్వేరు కారణముల వలన తడబడుచున్నది. మొదటి తడబాటు పెట్రోలు అందక కలిగినది. జెట్టు ఎండిపోవుటయే దానికి కారణము. అది క్షణకాలపుది. రెండవ తడబాటు దానికి నేరుగా విరుద్ధమైనది. పెట్రోలు తొట్టి పైకి ఎగసినప్పుడు ఫ్లోట్ అడుగునకు పోవును. తొట్టి ఖాళీయైనదని సూదివాల్వు మోసపోయి పూర్తిగా తెరచుకొనును. ఇంజను పంపులు ఇంజనునకు కావలసిన దానికంటె ఎంతో అధికముగా పెట్రోలును పంపగలవు. వాల్వు తెరచుకొనగానే వాటి పూర్తి ప్రవాహము తొట్టిని ముంచివేయును. విమానము సరియైన స్థితికి రాగానే ఆ పెట్రోలంతయు ఇంజనులోనికి పోయి, గాలి చాలక, మంట ఆరిపోవును. నల్లని పొగకు కారణమిదియే. వైమానికునికి ప్రమాదకరమైనది ఈ రెండవ తడబాటు.

కరవు అనుకొన్న చోట వరద యున్నదని తెలిసిన పిమ్మట మార్గము సుగమమయ్యెను. వరదను ఆపవలెనన్నచో ప్రవాహమునకు హద్దు పెట్టవలెను. ఇంజను తన పూర్ణశక్తితో పనిచేయునప్పుడు గంటకు ఎంత పెట్రోలు వినియోగించునో షిల్లింగునకు తెలియును. అంత మాత్రమే పోనిచ్చి, అంతకు మించి ఒక్క చుక్కయు పోనీయని రంధ్రము గల ముక్క నొకదానిని కార్బురేటరునకు ముందు పెట్రోలు గొట్టములో అమర్చినచో చాలును. వాల్వు ఎంతగా తెరచుకొన్నను తొట్టి మునుగదు. పూర్ణవేగమున పోవునప్పుడు ఇంజనునకు కొరతయు రాదు. రంధ్రము ఇసుమంత పెద్దదైనచో వరద ఆగదు. ఇసుమంత చిన్నదైనచో ఇంజను ఆకలిగొనును. ఉపాయము యొక్క గుట్టంతయు ఆ కొలతలోనే యున్నది.

ఆ ముక్క మొదట దర్జీవాడు వ్రేలికి తొడుగుకొను తొడుగు ఆకారమున చేయబడెను. పిమ్మట మరింత సరళముగా, నడుమ చిల్లు గల సమతలపు బిళ్లగా మార్చబడెను. ఇంజను శక్తిని బట్టి రెండు కొలతల రంధ్రములు ఏర్పరుపబడెను. దానిని అమర్చుటకు విమానమును కర్మాగారమునకు పంపనక్కరలేదు. అది నిలిచియున్న విమానాశ్రయముననే గొట్టపు బిగింపును సడలించి, బిళ్లను ఉంచి, తిరిగి బిగించినచో చాలును.

విమానాశ్రయములకు పయనము

మంచి ఉపాయములు పెక్కు కాగితముపైననే నిలిచిపోవును. షిల్లింగ్ దానికి తావీయలేదు. చిన్న బృందముతో ఆమె యుద్ధవిమానముల స్థావరములకు స్వయముగా పోయి, బిళ్లలను అమర్చు పనిని నడపించెను. పందెములలో వాడిన ఆ పాత నార్టన్ బండియే ఇప్పుడు ఆమెకు వాహనమయ్యెను. పోరు ముమ్మరముగా నున్న స్థావరములకు ముందు, తక్కినవాటికి తరువాత, ఈ క్రమమున 1941 మార్చి నాటికి యుద్ధవిమాన దళమంతటను బిళ్ల అమర్చబడెను. వైమానికులు కృతజ్ఞతతోను, కొంత కొంటెతనముతోను దానికి మిస్ షిల్లింగ్ చిల్లు అని పేరు పెట్టుకొనిరి. అధికారిక పత్రములలోని నీరస నామమును మరపించి ఆ పేరే చరిత్రలో నిలిచినది.

ఈ బిళ్ల వలననే 1940 లోని బ్రిటన్ సంగ్రామమున ఇంగ్లండు గెలిచెనని వ్రాయువారు కలరు. కాలక్రమమును చూచినచో అది పొసగదు. ఆ సంగ్రామము 1940 అక్టోబరుతో ముగిసెను. బిళ్ల దళమంతటను చేరినది మరుసటి సంవత్సరము. ఈ సత్యమును చెప్పుట వలన షిల్లింగ్ కీర్తికి కొరత రాదు. యుద్ధము ఇంక నాలుగు సంవత్సరములు నడచెను. ఆ కాలమున మెర్లిన్ ఇంజను గల హరికేన్ విమానములనే బర్మా రణరంగమున భారత వైమానికులును నడపిరి.

బిళ్ల సర్వరోగ నివారిణి కాదనియు ఆమెకు తెలియును. మొదటి క్షణకాలపు తడబాటును అది పూర్తిగా మాన్పలేదు. తలక్రిందులుగా చాలసేపు ఎగురుటకు అది వీలు కల్పింపలేదు. అది తాత్కాలికోపశమనమే. 1943 నాటికి ఫ్లోట్‌తో నిమిత్తము లేక ఒత్తిడితో పనిచేయు బెండిక్స్ స్ట్రోంబర్గ్ కార్బురేటరు వచ్చి అసలు చికిత్స పూర్తిచేసెను. కాని తాత్కాలికమని తెలిసియు, నేటి ఆపదకు నేడే తగిన సాయము చేయుట చిన్న కార్యము కాదు. ఆ రెండు సంవత్సరముల నడుమ ముక్కు వంచి శత్రువును తరుమగలిగిన ప్రతి వైమానికుడును ఆ తాత్కాలికోపశమనమునకు ఋణపడినవాడే.

తరువాతి కాలము

యుద్ధానంతరము ప్రభుత్వము ఆమెను ఓ. బి. ఇ. బిరుదముతో గౌరవించెను. ఆమె మాత్రము తన పరీక్షాశాలను విడువలేదు. బ్లూ స్ట్రీక్ అను రాకెట్టు నిర్మాణమునకు సంబంధించిన పనులలో పాల్గొనెను. వానకు తడిసిన రన్‌వేపై దిగు విమానమునకు బ్రేకులు ఎట్లు పట్టుననుట మరియొక పరిశోధన. చూచుటకు సామాన్య ప్రశ్నవలె కనబడినను, అందలి జవాబుపై విమానము నిండుగా నున్న ప్రయాణికుల ప్రాణములు ఆధారపడియున్నవి. వైమానిక దళమువారి ఒలింపిక్ జట్టు కొరకు మంచుపై జారెడు బండి నొకదానిని రూపొందించి నిర్మించుటలో గూడ ఆమె చేయి కలదు.

వేగముపై ఆమెకు గల మక్కువ వయస్సుతో తగ్గలేదు. భర్తతో కలిసి ఆమె కార్ల పందెములలో పాల్గొనుచు, ఆ కార్లను తానే విప్పి సరిచేయుచుండెను. 1967 లో అమెరికా దేశీయుడగు పందెగాడు డాన్ గర్నీ తన ఈగిల్ కారు ఇంజను మితిమీరి వేడెక్కుచుండగా సలహా కొరకు ఆశ్రయించినవారిలో ఆమెయు నున్నది. 1969 లో ఆమె ఉద్యోగవిరమణ చేసెను. సర్రే విశ్వవిద్యాలయము ఆమెకు డాక్టరేటు పట్టమునిచ్చి గౌరవించెను. 1990 వ సంవత్సరము నవంబరు 18 వ తేదీన, తన 81 వ యేట, ఆమె కాలధర్మము నొందెను.

జీవించియున్న కాలమున ఇంజనీర్ల వృత్తమునకు వెలుపల ఆమె పేరు అంతగా వినబడలేదు. ఆమె గతించిన పిమ్మట ఆ లోటు క్రమముగా తీరుచున్నది. లండను విశ్వవిద్యాలయమునకు చెందిన రాయల్ హాలోవే కళాశాలలో ఇంజనీరింగు విద్యకై నిర్మించిన భవనమునకు ఆమె పేరు పెట్టిరి. ఒకనాడు స్త్రీలు అరుదుగా కనబడిన చదువునకు నేడు ఆమె పేరు గల భవనముననే బాలికలు పోవుచున్నారు.

మన దేశమున 2020 లో క్రొత్త కాలుష్య నియమములు అమలులోనికి వచ్చినది మొదలు, క్రొత్త మోటారు సైకిళ్లలోను స్కూటర్లలోను కార్బురేటరునకు బదులు పెట్రోలును కొలిచి చిమ్ము సాధనములే సామాన్యమైనవి. పాత స్కూటర్లలోను, మందు చల్లు యంత్రములలోను, చిన్న ఇంజనులలోను ఆ పాత తొట్టియు, డొల్లయు, జెట్టును ఇంకను పనిచేయుచునే యున్నవి. అట్టి ఇంజను నల్లని పొగ విడిచి ఆగిపోయినప్పుడు పెట్రోలు చాలలేదని తొందరపడి మరింత పోయువాడు లోపమును రెట్టింపు చేయును. కరవా, వరదయా అని ముందుగా విచారించువాడే దానిని మాన్పగలడు. ఈ వివేకము ఇంజనులకే గాక, వెనుకబడిన విద్యార్థిని సరిదిద్దబూనిన ఉపాధ్యాయునకును అవసరమైనదే. బియాట్రిస్ షిల్లింగ్ తన జీవితమంతయు చేసినది ఆ విచారణయే. దాని ఫలము చిల్లుకాని యంత ఇత్తడి ముక్క. దాని విలువను కొలిచినవారు, ఆనాడు ఆకాశమునకు పోయి ఇంటికి క్షేమముగా తిరిగి వచ్చిన వైమానికులు.